సాల్టీ డాగ్ బ్లూస్ వాయించడం ఎలా, దాని వెనక వందేళ్ళు తవ్వడం ఎలా

గిటార్ మీద నాలుగైదు కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్లు) పట్టడం వచ్చేసి, ఇంక ఎటు పోవాలో తెలీక ఆగిపోయినవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పే పాట ఒక్కటే, సాల్టీ డాగ్ బ్లూస్. కార్డులు నాలుగే. ఎనిమిది బార్లలో చరణం అయిపోతుంది, మళ్ళీ మొదటికి రావడమే. కానీ ఆ ఎనిమిది బార్ల వెనక న్యూ ఆర్లియన్స్ ఉంది, చికాగో ఉంది, టెన్నెసీ ఉంది, నల్లవాళ్ళ పాటలు ఒక వరస నంబర్లలో తెల్లవాళ్ళ పాటలు ఇంకో వరస నంబర్లలో వేసి అమ్మిన రికార్డు కంపెనీలున్నాయి. అందుకే వేళ్ళతో వాయించడం, నోట్‌బుక్ పెట్టుకుని దాని పుట్టుక వెతకడం, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి అంటాను.

నేను దీన్ని మొదట బ్లూగ్రాస్, అంటే అమెరికా తెల్లవాళ్ళ పల్లె సంగీతంలో ఒక రకం, పాటగా నేర్చుకున్నా, స్పీడుగా, జి కీలో, ఐదు తీగల బ్యాంజో పక్కన గిటార్. రాసింది ఎవరు అని చూస్తే ఇద్దరు అన్నదమ్ముల పేర్లు కనపడ్డాయి, అదే నిజం అనుకుని చాలా రోజులు అదే చెప్పా. తర్వాత ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 1924 నాటి రికార్డు విన్నా. ఒక్కడే మనిషి, చేతిలో ఒక బ్యాంజో, గరగరమనే శబ్దం మధ్యలోంచి నెమ్మదిగా, హాయిగా పాడుతున్నాడు, చరణం చివరికొచ్చేసరికి నాకు బాగా తెలిసిన ఆ సాల్టీ డాగ్ అనే పిలుపే. ఆయన పేరు పాపా చార్లీ జాక్సన్. ఆ రాత్రి నుంచి ఏ పాత పాట నేర్చుకున్నా అంతకు ముందు ఎవరు పాడారు అన్నది చూడకుండా ఊరుకోవట్లేదు.

ముందు పాట సంగతి. సాల్టీ డాగ్ అంటే ఉప్పు కుక్క అని మాటకి మాట అనువాదం చేసుకుంటే ఏమీ అర్థం కాదు. నన్ను నీ సాల్టీ డాగ్‌ని కానివ్వు అని ఒకామెని అడగడం, అంటే పెళ్ళి బయటి సంబంధం గురించి కొంటెగా మాట్లాడే పాట. మన జావళీలు విన్నవాళ్ళకి ఈ పద్ధతి వెంటనే అందుతుంది, పైకి ఒక మాట, లోపల ఇంకో మాట, పాడేవాడి గొంతులో నవ్వు. ఇలాంటి సరదా, డబుల్ మీనింగ్ పాటలు 1920ల్లో రికార్డుల మీద బాగా అమ్ముడుపోయేవి, నావెల్టీ అనేవాళ్ళు అందుకే. గోమార్లు పట్టకుండా కుక్కకి ఉప్పు రాసేవాళ్ళని, ఆ మాట అక్కడ్నుంచి వచ్చిందని ఒక కథ చెప్తుంటారు. దాన్ని కథగానే వినండి, నోట్‌బుక్‌లో మాత్రం ఎక్కించొద్దు.

ఇప్పుడు గిటార్ తీయండి.

మామూలు ట్యూనింగే. జి, ఇ7, ఏ7, డి7. నేను వాయించే లెక్క ఇది:

జి | ఇ7 | ఏ7 | ఏ7 | డి7 | డి7 | జి | జి

ఒక్కో బార్‌కి నాలుగు కౌంట్లు. వేరేవాళ్ళ దగ్గర ఒక బార్ ఎక్కువో తక్కువో ఉంటుంది, పాత రికార్డుల్లో అయితే పాడేవాడి ఊపిరిని బట్టి కూడా మారుతుంది, కాబట్టి మీరు ఏ రికార్డు ఫాలో అవుతున్నారో దాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. పేరులో బ్లూస్ ఉంది కదా అని, బ్లూస్ పాటలకి మామూలుగా ఉండే పన్నెండు బార్ల వరస వాయించేస్తారు కొందరు, అది ఇక్కడ పనిచెయ్యదు. ఇది రాగ్‌టైమ్ (బ్లూస్ రికార్డులకి ముందు నాటి, పియానో మీద ఊపుగా వాయించే సంగీతం) కాలం నాటి నడక.

ఆ నడక కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి ఇలా చెప్తే టక్కున ఎక్కుతుంది. జి ని షడ్జమం అనుకోండి. పాట సలో మొదలై ఒక్కసారిగా ధకి దూకుతుంది, అక్కడ్నుంచి రి, తర్వాత ప, చివరికి మళ్ళీ స. స, ధ, రి, ప, స, అంతే, కార్డుల వరస ఎప్పటికీ మర్చిపోరు. దూకిన తర్వాత ప్రతి అడుగూ, ఉన్న స్వరాన్ని కూడా కలిపి లెక్కపెడితే, పైన నాలుగో స్వరానికి వెళ్తుంది, అందుకే ఒక కార్డు మోగుతుంటే తర్వాతది ఏం రాబోతోందో చెవికి ముందే తెలిసిపోతుంది.

ఇంకా లోపలికి వెళ్తే అసలు అందం కనపడుతుంది. ఇ7 లో శుద్ధ రిషభం ఉంది, వెంటనే వచ్చే ఏ7 లో చతుశ్రుతి రిషభం ఉంది. ఏ7 లో ప్రతిమధ్యమం, దాని వెనకే డి7 లో శుద్ధ మధ్యమం. ఎనిమిది బార్లలో రెండు రిషభాలు, రెండు మధ్యమాలు! ఏ ఒక్క రాగంలోనూ దీన్ని కూర్చోబెట్టలేం, ఆ మార్పే దీని రుచి. ఇ7 పట్టినప్పుడు మూడో తీగ మొదటి ఫ్రెట్ మీద ఉండే స్వరం శుద్ధ రిషభం, అది సరిగ్గా మోగకపోతే పాట సగం పోయినట్టే. చూపుడు వేలు వాలిపోయి రెండో తీగని తాకుతుందేమో చూసుకోండి, కొత్తవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది అక్కడే.

కుడిచేయి. మొదటి కౌంట్‌కి బొటనవేలితో లావు తీగ, రెండో కౌంట్‌కి కింది మూడు తీగలు కలిపి చిన్న స్ట్రమ్, మూడో కౌంట్‌కి ఇంకో లావు తీగ, నాలుగో కౌంట్‌కి మళ్ళీ స్ట్రమ్. ఏ లావు తీగలు అంటే, జి కి ఆరోది తర్వాత నాలుగోది, ఇ7 కి ఆరోది తర్వాత ఐదోది, ఏ7 కి ఐదోది తర్వాత నాలుగోది, డి7 కి నాలుగోది తర్వాత ఐదోది. ఇది బొటనవేలికి అలవాటయ్యేదాకా పాడొద్దు. నిమిషానికి డెబ్భై కౌంట్ల దగ్గర మెట్రోనోమ్ పెట్టుకుని వారం రోజులు ఊరికే తిప్పండి, టీవీ చూస్తూ అయినా సరే. బొటనవేలు ఆలోచించకుండా వెళ్ళడం మొదలయ్యాక నోరు తెరవండి, లేకపోతే పాడటం మొదలుపెట్టగానే చెయ్యి ఆగిపోతుంది, చెయ్యి గుర్తొచ్చేసరికి మాట పోతుంది.

కార్డుకీ కార్డుకీ మధ్య బేస్ నడకలు కలిపితే పాటకి కాళ్ళు వస్తాయి. జి నుంచి ఇ7 కి వెళ్ళేటప్పుడు ఆరో తీగ మీద మూడో ఫ్రెట్, రెండో ఫ్రెట్, ఖాళీ తీగ, దిగిపోవడమే. ఇ7 నుంచి ఏ7 కి అదే ఆరో తీగ ఖాళీ, రెండు, నాలుగు, ఆ తర్వాత ఐదో తీగ ఖాళీ. ఏ7 నుంచి డి7 కి ఐదో తీగ ఖాళీ, రెండు, నాలుగు, తర్వాత నాలుగో తీగ ఖాళీ. ఈ రెండూ ఒకే ఆకారం, పక్క తీగ మీదకి జరిగిందంతే. డి7 నుంచి జి కి నాలుగో తీగ ఖాళీ, ఆరో తీగ ఖాళీ, రెండు, మూడు. అన్నీ ఒకేసారి పెట్టకండి, మొదట ఆఖరిది ఒక్కటీ, అది ఇంటికి చేర్చే నడక కాబట్టి దానికి విలువ ఎక్కువ.

ఇంక ఆ కొంటెతనం. అది సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఉంటుంది. జి పట్టినప్పుడు ఐదో తీగ మీద మొదటి ఫ్రెట్ మోగించి వెంటనే రెండో ఫ్రెట్ మీద వేలు కొట్టండి, లేదా మూడో తీగ మీద మూడో ఫ్రెట్ నుంచి నాలుగుకి జారండి. గమకం వినీ వినీ పెరిగిన మన చెవికి ఇది పరాయిది కాదు, పైగా ఫ్రెట్ల మధ్య ఉన్న ఆ స్వరం గొంతులో ఇంకా బాగా పలుకుతుంది. పాడేటప్పుడు గాంధారాన్ని నిటారుగా నిలబెట్టకండి, కింది నుంచి తోసుకుంటూ రండి.

పాపా చార్లీ వాయించింది గిటార్ కాదు అని చెప్పా కదా, మనకి తెలిసిన బ్లూగ్రాస్ ఐదు తీగల బ్యాంజో కూడా కాదు. ఆరు తీగల బ్యాంజో, మెడ గిటార్‌ది, ఒళ్ళు బ్యాంజోది, ట్యూనింగ్ గిటార్‌ లాగే. కాబట్టి గిటార్ వచ్చినవాళ్ళకి వేళ్ళు మార్చే పని లేదు. కొనాలనుకుంటే ఒక్క జాగ్రత్త, మన దగ్గర బ్యాంజో అని అడిగితే టైప్‌రైటర్ మీటల్లాంటివి ఉన్న బుల్‌బుల్ తరంగ్ తీసి చూపించే షాపులున్నాయి, అది చక్కటి వాయిద్యమే గానీ ఇది వేరు. కొనకుండా ఆ శబ్దం కావాలంటే గిటార్ బ్రిడ్జి దగ్గర తీగల కింద పల్చటి స్పాంజి ముక్కో మడిచిన గుడ్డో పెట్టి, పిక్‌తో బ్రిడ్జికి దగ్గరగా మీటండి. మోత వెంటనే ఆగిపోయి టక్ టక్ అని వస్తుంది, అచ్చం అది కాకపోయినా ఆ దారిలోనే ఉంటుంది.

బ్యాంజోనే ఎందుకు అన్నదానికి సగం జవాబు రికార్డింగ్ పద్ధతిలో ఉంది. 1924లో రికార్డింగ్ గదుల్లో మైక్ దాదాపు లేదు. పెద్ద కంపెనీలకి ఎలక్ట్రికల్ రికార్డింగ్ 1925లో గానీ రాలేదు. అంతకుముందు పెద్ద గరాటులాంటి హారన్ ముందు కూర్చుని వాయిస్తే ఆ గాలి అదురే సూదిని కదిపి మైనం మీద గీత గీసేది. మెత్తగా మోగే గిటార్ అందులో సరిగా పడేది కాదు, తోలు బిగించిన బ్యాంజో మాత్రం గట్టిగా, స్పష్టంగా పడేది. పైగా పేవ్‌మెంట్ మీద, మార్కెట్‌లో, గుంపు మధ్యలో పాడేవాళ్ళకి మోత కావాలి, పాపా చార్లీ చికాగో మాక్స్‌వెల్ స్ట్రీట్‌లో వాయించిన మనిషి.

పాత రికార్డుతో పాటు వాయిద్దామని కూర్చుంటే ట్యూనింగ్ కలవదు, మీ గిటార్ తప్పేం కాదు. నిమిషానికి 78 తిరుగుళ్ళు అన్నారు గానీ అప్పటి రికార్డులన్నీ సరిగ్గా ఆ వేగానికే కోసినవి కావు. 80 దగ్గర కోసినదాన్ని 78 దగ్గర తిప్పితే దాదాపు అర సెమీటోన్ కిందకి దిగిపోతుంది. అందుకని రికార్డు ఏ కీలో ఉందో ఒక్కసారి విని తేల్చేయకండి, స్పీడ్ మార్చే యాప్ ఏదైనా తీసుకుని శృతిని మీ గిటార్‌కి దగ్గర్లో ఉన్న కీకి జరపండి, తర్వాత కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్) పెట్టి ఏ కార్డు ఆకారాలు తేలిగ్గా పడుతున్నాయో చూడండి.

సరే, ఇంక తవ్వకం.

నోట్‌బుక్‌లో పేజీకి అడ్డంగా గళ్ళు గీయండి, రికార్డు చేసిన తేదీ, ఊరు, కంపెనీ, కేటలాగ్ నంబర్, మ్యాట్రిక్స్ నంబర్, పాడిందెవరు, వాయిద్యాలు, చరణాలు, లేబుల్ మీద రచయితగా వేసిన పేరు. కేటలాగ్ నంబర్ అంటే షాపులో అమ్మకానికి పెట్టే నంబర్. మ్యాట్రిక్స్ నంబర్ అంటే రికార్డింగ్ రోజున ఆ టేక్‌కి ఇచ్చినది, మామూలుగా లేబుల్ పక్కన నున్నగా ఉన్న చోట చెక్కి ఉంటుంది. ఎవరు ముందు అన్న గొడవ వస్తే మ్యాట్రిక్స్‌నీ రికార్డు చేసిన తేదీనీ నమ్మాలి, బయటికి వచ్చిన తేదీని కాదు, మూడేళ్ళ తర్వాత తీరిగ్గా మళ్ళీ వేసిన రికార్డులు బోలెడు.

వెతికే చోట్లు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా వాళ్ళు నడిపే అమెరికన్ చారిత్రక రికార్డింగుల డిస్కోగ్రఫీ, అంటే రికార్డుల పట్టిక, ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది, పాట పేరు కొడితే కంపెనీలవారీగా తేదీలు, ఊళ్ళు వచ్చేస్తాయి. పాత 78ల శబ్దం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. అప్పటి పేపర్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ క్రానిక్లింగ్ అమెరికాలో ఉన్నాయి. పేపర్లలో వెతికేటప్పుడు పాట పేరొక్కటే కొడితే చెత్తంతా వస్తుంది, ఎందుకంటే ముసలి నావికుడిని కూడా సాల్టీ డాగ్ అంటారు, గ్లాసు అంచుకి ఉప్పు రాసి ద్రాక్షపండు కాదు గ్రేప్‌ఫ్రూట్ రసం పోసే ఒక కాక్‌టెయిల్‌కి కూడా ఇదే పేరు, 1969లో వచ్చిన ఒక ఇంగ్లీష్ రాక్ పాట కూడా ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. పాట పేరుతో పాటు బ్లూస్, రికార్డ్, కంపెనీ పేరు, ఏడాది కలిపి వెతకండి.

ఇలా వెతికితే నా నోట్‌బుక్‌లో పడిన వరసలో కొన్ని చెప్తాను, వీటితో మొదలుపెట్టి మీరు పెంచుకోండి.

పాపా చార్లీ జాక్సన్, చికాగో, 1924, పారామౌంట్ 12236. న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన మనిషి. ఈ పారామౌంట్ అంటే సినిమా కంపెనీ కాదు. విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీ ఒకటుండేది, వాళ్ళు ఫోనోగ్రాఫ్ పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టి, పెట్టె కొన్నవాళ్ళకి రికార్డులు కూడా కావాలి కదా అని రికార్డుల వ్యాపారంలోకి దిగారు. గ్రాఫ్టన్ అనే చిన్న ఊళ్ళో ప్రెస్ చేసేవాళ్ళు, నాసిరకం షెల్లాక్ (రికార్డులు పోసే లక్క), అందుకే ఇవాళ వింటే అంత గరగర. ఆ గరగర చూసి సగంలో ఆపేయకండి దయచేసి, మూడోసారి వినేటప్పటికి చెవి దాన్ని పక్కకి నెట్టేసి మనిషి గొంతుని పట్టుకుంటుంది. అప్పటికి బ్లూస్ రికార్డులంటే ఎక్కువగా ఆడవాళ్ళు, వెనక పియానోనో జాజ్ బ్యాండో. తన వాయిద్యం తనే వాయించుకుంటూ పాడి రికార్డుల మీద నిలదొక్కుకున్న మొదటి మగవాళ్ళలో ఈయన ఒకడు, ఆ తర్వాతే బ్లైండ్ లెమన్ జెఫర్సన్ లాంటి గిటార్ వాళ్ళు వరసగా వచ్చారు. 1938లో చికాగోలో పోయాడు. ఈయన గురించి తెలుగులో ఒక్క పేరా కూడా నా కళ్ళబడలేదు, ఇది రాయడానికి అదీ ఒక కారణం.

1926లో అదే పాట, అదే గొంతు, ఈసారి ఫ్రెడ్డీ కెపార్డ్ జాజ్ కార్డినల్స్ బ్యాండ్‌తో. కెపార్డ్ న్యూ ఆర్లియన్స్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యం) వాయిద్యకారుడు, క్లారినెట్ మీద జానీ డాడ్స్. రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి పెట్టి వినండి. బ్యాంజోతో నాలుగు గోడల మధ్య పాడుకున్నట్టు ఉన్న పాట ఇక్కడ వీధి ఊరేగింపులా అయిపోతుంది. అదే ఏడాది క్లారా స్మిత్ కూడా కొలంబియాకి పాడింది, అదే సరసం ఒక ఆడగొంతులో వింటే మాటల బరువు ఎంత మారుతుందో తెలుస్తుంది.

మరి 1924కి ముందు? ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటి రికార్డు వేరు, మొదటి పాట వేరు. 1938లో న్యూ ఆర్లియన్స్ జాజ్ పియానిస్ట్ జెల్లీ రోల్ మోర్టన్ వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళకోసం జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ ముందు కూర్చుని గంటలకొద్దీ పాత న్యూ ఆర్లియన్స్ గురించి చెప్పాడు, అందులో బిల్ జాన్సన్ అనే బేస్ వాయిద్యకారుడి చిన్న తీగల బ్యాండ్ ఈ పాట వాయించేదని గుర్తుచేసుకున్నాడు. అంటే పాపా చార్లీ కూడా తన ఊరి గాలిలో ఉన్నదాన్నే పట్టుకుని ఉండొచ్చు. ఇలాంటి జ్ఞాపకాలు నోట్‌బుక్‌లో రాసుకోండి, కానీ వేరే రంగు పెన్నుతో, ఎందుకంటే ఇది చాలా ఏళ్ళ తర్వాత చెప్పిన మాట, ఆ రోజు పట్టిన శబ్దం కాదు.

ఇప్పుడు తెల్లవాళ్ళ వైపు. 1927 ఏప్రిల్‌లో అట్లాంటాలో ఆస్టిన్, లీ అనే ఇద్దరు అన్నదమ్ములు, అలెన్ బ్రదర్స్, కొలంబియాకి ఈ పాట పాడారు. టెన్నెసీ వాళ్ళు. ఒకరు టెనర్ బ్యాంజో, ఒకరు గిటార్, మధ్యమధ్యలో కజూ. కొలంబియాలో 14000 సీరీస్ నల్లవాళ్ళ రికార్డులకి, 15000 సీరీస్ తెల్ల పల్లె సంగీతానికి, షాపులవాళ్ళకి ఇచ్చే కేటలాగులే వేరు. ఆ ఏడాది చివర్లో వీళ్ళు పాడిన ఇంకో రికార్డు బ్లూస్‌లా వినపడేసరికి కొలంబియా దాన్ని 14266 నంబర్‌తో నల్లవాళ్ళ సీరీస్‌లో వేసేసింది. అన్నదమ్ములు రెండు లక్షల యాభై వేల డాలర్లకి దావా వేస్తామని లేచారు, తర్వాత దాన్ని వదిలేసి విక్టర్ కంపెనీకి వెళ్ళిపోయారు. ఆ కోపం గురించి చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. నల్లవాళ్ళ పాటలు వాయించి పేరు తెచ్చుకున్నవాళ్ళు, ఆ కేటలాగులో తమ పేరు పడటం మాత్రం అవమానం అనుకున్నారు. కంపెనీ గీసిన గీత ఎంత ఉత్తదో కంపెనీ పొరపాటే చూపించింది, చెవితో విన్నవాళ్ళకి తేడా తెలియలేదు.

అలెన్ బ్రదర్స్ పద్ధతిలో వాయించాలంటే కజూ కావాలి, అది ఊదేది కాదు, అందులోకి గొంతుతో రాగం తియ్యాలి, లోపలి పల్చటి పొర అదిరి బుర్రుమంటుంది. దొరక్కపోతే దువ్వెన మీద బటర్ పేపర్ చుట్టి పెదాలకి ఆనించి పాడండి, పిల్లలు ఆడుకునే ఆటే.

1938లో నార్త్ కరోలినా వైపు నుంచి మోరిస్ బ్రదర్స్, వైలీ, జీక్, బ్లూబర్డ్ లేబుల్‌కి పాడారు. బ్లూగ్రాస్ వాళ్ళ దాకా పాట వచ్చింది ఈ దారిలోనే. బ్యాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ కుర్రవాడిగా ఉన్నప్పుడు మోరిస్‌ల దగ్గర పనిచేశాడు, తర్వాత 1950లో లెస్టర్ ఫ్లాట్‌తో కలిసి మెర్క్యురీకి దీన్ని రికార్డు చేశాడు, ఇవాళ బ్లూగ్రాస్ జామ్‌లలో (నలుగురూ కూడి వాయించుకునే చోట్ల) అందరూ వాయించేది దాదాపు ఆ నమూనానే. రచయితలుగా చాలా చోట్ల మోరిస్‌ల పేర్లు కనపడేది కూడా అందుకే. లేబుల్ మీద పేరు అంటే రాయల్టీ ఎవరికి వెళ్తుందో చెప్పే పేరు, పాట ఎక్కడ పుట్టిందో చెప్పే పేరు అవ్వాలని లేదు. వాళ్ళ చరణాలు వాళ్ళవి, ఆ ఊపు వాళ్ళది, అది కాదనను. కానీ పద్నాలుగేళ్ళ ముందు చికాగోలో ఒకడు పాడి ఉండగా మూలం వీళ్ళే అని చెప్పడం నాకు ఒప్పదు.

గిటార్ ఒక్కటే పెట్టుకుని వాయించేవాళ్ళు తప్పకుండా వినాల్సింది మిసిసిపి జాన్ హర్ట్‌ది. 1928లో ఓకే (OKeh) అనే రికార్డు కంపెనీకి కొన్ని పాటలు పాడి ఊరికి వెళ్ళిపోయి పొలం పనులు చేసుకున్నాడు. అప్పటి ఒక పాటలో తన ఊరు అవలాన్ అని పాడాడు, 1963లో టామ్ హాస్కిన్స్ అనే అభిమాని ఆ మాట పట్టుకుని మ్యాపులో ఊరు వెతికి, మిసిసిపి వెళ్ళి, మనిషిని కలిశాడు. ముప్పై ఐదేళ్ళ తర్వాత! పాటలోనే అడ్రస్ ఉంది, వినేవాడు కావాలి అంతే. ఆ ఏడాదే ఆయన సాల్టీ డాగ్ కూడా రికార్డు చేశాడు. బొటనవేలు గడియారంలా బేస్ కొడుతుంటే వేళ్ళు పైన రాగం పలికిస్తాయి, గొంతు పెంచడు, తొందరపడడు. పైన చెప్పిన బేస్ లెక్క వచ్చాక స్ట్రమ్ ఆపేసి, రెండో తీగ మీద ఒకటి, మొదటి తీగ మీద ఒకటి మధ్యమధ్యలో పడేలా మీటుతూ ఈ రికార్డు పక్కన కూర్చోండి. నాకు నెలన్నర పట్టింది.

చరణాలు పోల్చేటప్పుడు కొత్తవాళ్ళు ఒకచోట కంగారుపడతారు, ఒకరి పాటలో ఉన్న చరణం ఇంకొకరి దాంట్లో అసలు ఉండదు, అదే చరణం సంబంధం లేని వేరే పాటలో కనపడుతుంది. అవి గాలి చరణాలు, రెండు లైన్ల ప్రాస, ఎవరికి ఏది గుర్తొస్తే అది తెచ్చి ఇందులో దూర్చేవాళ్ళు. కాబట్టి ఒక చరణం కలిసిందని వీళ్ళు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారని రాసేయకండి. చరణం, కార్డుల వరస, చివర పిలుపు, మూడూ కలిస్తే, ఆ ఇద్దరూ ఒకే ఊళ్ళో ఒకే కాలంలో తిరిగినట్టు తేదీలు చెప్తే, అప్పుడు ఆలోచించొచ్చు. నా లెక్కలో అన్నిటికన్నా మారకుండా నిలబడింది చివరి పిలుపు ఒక్కటే, మిగతాదంతా ఎవరింటి వంట వాళ్ళది.

చికాగో, మిల్వాకీ వైపు ఉండే మనవాళ్ళు వీలైతే గ్రాఫ్టన్ వెళ్ళి రండి, మిల్వాకీ నుంచి ఉత్తరంగా కాస్త దూరమే. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు గానీ ఊళ్ళో పారామౌంట్ గుర్తుగా ఒక ప్లాజా కట్టారు. మాస్టర్ రికార్డులు చాలావరకు లోహం తుక్కు కింద పోయాయి, అందుకే ఇవాళ మనం వినేది ఎవరో ఇంట్లో దాచిపెట్టుకున్న అరిగిపోయిన కాపీల నుంచి తీసినదే.

మీరు వాయించింది పోస్ట్ చెయ్యాలనుకుంటే హక్కుల భయం పెద్దగా అక్కర్లేదు. అమెరికాలో 1924 నాటి రికార్డింగులు 2025 జనవరి 1 నుంచి పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి, మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కి అరవై ఏళ్ళే. కానీ 1950 నాటి చరణాలో ఆ అరేంజ్‌మెంటో అచ్చంగా దించితే లెక్క వేరు, అందుకే నేను పాపా చార్లీ రూపాన్నే పట్టుకుంటాను, అది నాకు నచ్చడం కూడా ఎక్కువే. కింద డిస్క్రిప్షన్‌లో మాత్రం ఇలా రాయండి: న్యూ ఆర్లియన్స్ పాత పాట, మొదట రికార్డు చేసింది పాపా చార్లీ జాక్సన్, పారామౌంట్, చికాగో, 1924. దాని కింద మీరు ఎవరి రికార్డు విని నేర్చుకున్నారో వాళ్ళ పేరు, ఏడాది.